పెథిడిన్ సూది, పోలమ్మ కానాగంతలు

ఈ ఉద్యోగం ఏమిటంటే

ఆపరేషన్ బాగా జరిగితే రోగి బంధువులు అరటిగెలో, కొబ్బరిబోండాలో పట్టుకొని వస్తారు. వరండాలో నేను ఎదురైతే, "సిస్టరమ్మా, డాట్రుబాబు గది ఎటేపు?" అని అడుగుతారు. నేను చెయ్యి చాపి చూపిస్తాను. గెల అటు వెళ్ళిపోతుంది. మత్తు డాక్టరు వృత్తి అంటే ఇదేనని, ఈ చదువులోకి కొత్తగా వస్తున్న మీకు ముందే చెబుతున్నాను. తర్వాత నన్ను అనకండి.

తొంభైల చివర్లో మొదలుపెట్టి ఆపైన చాలా ఏళ్ళు పలాస, కాశీబుగ్గ, టెక్కలి నర్సింగ్ హోముల్లో నేను మత్తు ఇచ్చాను. ఏ ఒక్కచోటా జీతం లేదు. కబురొస్తే వెళ్ళడం, నిద్రపుచ్చడం, లేపడం, బస్సెక్కడం. గొట్టాలూ, బీపీ మిషనూ, స్టెతస్కోపూ అన్నీ ఒక నల్లసంచిలో నాతోనే తిరిగేవి. ఆర్టీసీ కండక్టర్లకు ఆ సంచి మీద ఎప్పుడూ అనుమానమే. "చేపలైతే వెనక పెట్టండమ్మా, వాసనొస్తుంది" అనేవారు. చేపలు కావని తెరిచి చూపిస్తే, లోపలి గొట్టాలు చూసి ఇంకా దూరం జరిగేవారు.

ప్రమోషన్ల సంగతి రాయను. ఎక్కడానికి మెట్లే లేని ఉద్యోగం నాది. మందుల మోతాదులూ రాయను, అవి మీ పుస్తకాల్లో నాకంటే బాగా ఉన్నాయి. మా బల్లమీద పోవలసిన ఒక మనిషి గురించి మాత్రం వివరంగా రాస్తాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మనిషి చుట్టూనే తిరుగుతుంది.

జగన్నాథం గారు

టెక్కలిలో నర్సింగ్ హోము నడిపిన సర్జను ఆయన. చెయ్యి చక్కనిది. ఆయన కుట్టు చూస్తే పెళ్ళిరవిక మీద దర్జీ పనిలా ఉండేది. తొందర మాత్రం చెప్పనలవి కాదు. నేను రోగికి మందు ఎక్కిస్తుంటే కత్తి పట్టుకొని పక్కనే నిలబడేవారు.

"నిద్రపోయిందా?"

"ఇంకా లేదు."

"ఇప్పుడో?"

"జగన్నాథం గారూ, ఊయల ఊపేవాళ్ళను మాటిమాటికీ పలకరిస్తే బిడ్డ నిద్రపోదండీ."

"కోత నాది, కాపలా మీది. మీ కాపలా తెమిలితేగాని నా కోత మొదలవదు" అని గొణిగేవారు. కాని నేను ఊఁ అనేదాకా కత్తి పెట్టేవారు కాదు. అది చాలా పెద్ద గుణం. అంతకంటే పెద్ద ఆసుపత్రుల్లో ఆ గుణం లేని వాళ్ళ దగ్గర కూడా పనిచేశాను.

ఆయనకున్న లోపం అప్పట్లో ఇక్కడ అందరికీ ఉండేది. రోగి కూర్చోగానే ముందు ఊరు అడిగేవారు. ఉద్దానం వైపు ఏ ఊరి పేరు చెప్పినా చాలు, మనసులో "కిడ్నీ" అని ఒక ముద్ర పడిపోయేది. ఆ రోజుల్లో ఆ కొబ్బరితోటల ఊళ్ళ నుంచి కిడ్నీలు చెడిపోయిన వాళ్ళు వరసగా వస్తున్నారు. ఎందుకు చెడిపోతున్నాయో ఎవరికీ తెలియదు. తెలియని జబ్బుతో ఒక చిక్కుంది. తెలిసిన జబ్బులను కూడా అది తనలో కలిపేసుకుంటుంది.

ఒకే సిరంజిలో రెండు మందులు

నొప్పి ఎక్కువైతే పెథిడిన్ ఇచ్చేవాళ్ళం. అది నల్లమందు జాతి. దానితోపాటు ఫెనర్గన్. మా వైపు ఏ నర్సింగ్ హోములో చూసినా ఈ రెండూ ఒకే సిరంజిలోకి వెళ్ళేవి. ఎందుకు కలుపుతారని కొత్త నర్సులను అడగడం నాకొక సరదా. జగన్నాథం గారి దగ్గర చేరిన సిస్టర్ రత్నాన్ని కూడా అడిగాను.

"కలపాలి మేడమ్."

"అదే, ఎందుకు?"

"కలపకపోతే ఒకటే ఉంటుంది కదండీ."

ఇంతకంటే మెరుగైన జవాబు డాక్టర్లు కూడా ఇచ్చేవారు కారు. తెలిసినవాళ్ళు, వాంతులు రాకుండా, నిద్ర బాగా పట్టడానికి అనేవారు. అదీ నిజమే. అసలు సంగతి ఇంకొకటి ఉంది. పెథిడిన్, మార్ఫిన్ లాంటివి ఒంట్లోకి వెళ్ళగానే చర్మం కిందా, మరికొన్ని చోట్లా ఉండే కొన్ని కణాలను కదిలిస్తాయి. ఆ కణాల్లో దాచిన హిస్టమిన్ బయట పడుతుంది. సూది వేసిన నరం వెంట ఎర్రటి చార, ముక్కు దురద, అవన్నీ దాని పనే. ఫెనర్గన్ ఆ హిస్టమిన్ వెళ్ళి తట్టే తలుపులకు అడ్డంగా నిలబడుతుంది.

"పెథిడిన్ పెళ్ళిచూపులకొచ్చిన పిల్ల అనుకో. ఫెనర్గన్ వెంట వచ్చిన మేనత్త" అని రత్నానికి చెప్పాను. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ఆ తర్వాత మా దగ్గర ఫెనర్గన్ పేరే మేనత్త అయిపోయింది. "మేనత్తని తే" అని జగన్నాథం గారు కేకేస్తే రోగులు తమ బంధువులను పంపడానికి లేచేవారు.

పోలమ్మ వచ్చింది

పోలమ్మ భావనపాడు వైపు చేపల మనిషి. మొగుడు వేటకు వెళ్తే ఈవిడ బుట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్ళమ్మట తిరిగి అమ్మేది. నలభై లోపు వయసు, అలల మీదుగా కూడా వినిపించే గొంతు. కుడివైపు డొక్కలో నొప్పి అని వచ్చింది. కాశీబుగ్గలో స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్ళు కనబడ్డాయి. రత్నం మామూలుగా మేనత్తతో సహా సూది వేసింది. పోలమ్మ నిద్రపోయింది, లేచింది, "మంచి సూది" అని మెచ్చుకొని, ఆపరేషన్‌కు రోజు పెట్టించుకొని వెళ్ళింది.

ఆ రోజు రాకముందే నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి ఫెనర్గన్ అయిపోయింది. కాశీబుగ్గ నుంచి రావలసిన మందుల పెట్టె బస్సులో రాలేదు.

రత్నం గుమ్మంలో నిలబడి తటపటాయించింది. జగన్నాథం గారు నావైపు కొంటెగా చూసి, "మేనత్త రాలేదని పెళ్ళిచూపులు ఆపుతామా? ఒక్కటే ఇచ్చేయ్" అన్నారు. నేనూ నవ్వాను. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎంతోమందికి అలా ఒక్కటే ఇచ్చారు, ఇస్తారు.

కాసేపటికి రత్నం కేక వేసింది. వెళ్ళేసరికి పోలమ్మ మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులతో రొమ్ము పట్టుకొని ఉంది. నల్లని మనిషి. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. చెమట ధారలు.

"ఓలమ్మో! గుండి కొట్టీసుకుంతంది. తల పగిలిపోతంది. నాను సచ్చిపోతన్నాను."

బీపీ పట్టీ కట్టాను. పాదరసం ఎక్కింది, ఇంకా ఎక్కింది. రెండు వందల నలభై దగ్గర గాని చప్పుడు వినబడలేదు. మందు వేసి, తలవైపు మంచం ఎత్తి, పక్కనే కూర్చున్నాను. కొంతసేపటికి అది దానంతట అదే దిగింది, వచ్చినట్టే. పోలమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఏటి సూది బాబూ అది? పట్టపగలు సుక్కలు సూపించినావు" అంది సర్జను గారితో.

బయటికి వచ్చాక ఆయన, "నొప్పికి పెరిగింది" అన్నారు.

"నొప్పి సూదితోనే తగ్గిందట."

"అయితే భయం."

"ఆవిడ భయపడే మనిషిలా ఉందా మీకు?"

"అయితే కిడ్నీ. ఊరు చూడండి."

"రక్తపరీక్షలో కిడ్నీలు బాగున్నాయి."

"మొదట్లో అలాగే ఉంటాయి."

ఇది మీరు గుర్తుపెట్టుకోండి. పరీక్ష చెడ్డగా వస్తే కిడ్నీ, మంచిగా వస్తే ముందుముందు కిడ్నీ. ఎటు తిప్పినా సరిపోయే జవాబు దొరికిందంటే ప్రశ్న అడగడం మానేశామని అర్థం.

కొరడా, జోలపాట

నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం ఒకటి ఉంది. మొదటిసారి సూదికి ఏమీ కాలేదు. రెండోసారి అదే సూదికి ఇంత జరిగింది. రెండింటికీ తేడా మేనత్త ఒక్కతే.

కాలేజీలో మాకు ఫిజియాలజీ చెప్పిన మేడం బక్కపలచని మనిషి, క్లాసులో ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఒక్కో కిడ్నీ మీద చిన్న టోపీ పెట్టినట్టు ఒక గ్రంథి ఉంటుంది, దాన్ని అడ్రినల్ అంటారు అని చెప్పి, మాలో ఒకమ్మాయి వెనక నిలబడి హఠాత్తుగా బల్ల మీద కొట్టింది. ఆ అమ్మాయి ఎగిరిపడింది. "అదిగో, టోపీ పనిచేసింది" అంది మేడం. కుక్క తరిమితే మనల్ని పరుగెత్తించేది ఆ గ్రంథే. దాని నడిమి భాగంలోని కణాల్లో చిన్నచిన్న సంచులుంటాయి. వాటిలో అడ్రినలిన్ ఉంటుంది. సంచి విప్పితే గుండె దడ, చెమట, బీపీ.

విచిత్రమేమిటంటే ఆ సంచుల్లోనే అడ్రినలిన్ పక్కన, నల్లమందు లాంటి పదార్థం కూడా మన శరీరమే తయారుచేసి దాస్తుంది. కొరడా, జోలపాట ఒకే సంచిలో అన్నమాట. సంచి విప్పినప్పుడు రెండూ బయటికొస్తాయి. జోలపాట తిరిగి ఆ కణాన్నే తాకి, "చాల్లే, ఇక ఆపు" అంటుంది. హిస్టమిన్ దానికి ఎదురు. అది వచ్చి కణం తలుపు తట్టి, "తియ్యి, ఇంకా తియ్యి" అంటుంది.

మేడం పరీక్షలో అడిగేది: "నల్లమందు జాతి మందు అడ్రినల్ కణాన్ని ఏం చేస్తుంది?" అణుస్తుంది అని రాసినవాళ్ళకు సగం మార్కులు. రెచ్చగొడుతుంది అని రాసినవాళ్ళకూ సగమే. గాజుపళ్ళెంలో పెట్టిన కణం మీద వేస్తే చాలావరకు అణుస్తుంది. మనిషికి సూదిగా వేస్తే, ఆ మందు ముందు దారిలో హిస్టమిన్‌ను నిద్రలేపుతుంది. అది వెళ్ళి తలుపు తడుతుంది. మామూలు మనిషికి ఆ తట్టడం తెలియనైనా తెలియదు. ఆ గ్రంథిలో గడ్డ ఉండి, అందులో సంచులు కొల్లలుగా పేరుకొని ఉంటేనో? చిన్న తట్టుకే గోదాము తలుపులు మొత్తం తెరుచుకుంటాయి.

మేడం ఇంకో మాట కూడా చెప్పింది. పూర్వం ఈ గడ్డ ఉందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు రోగికి హిస్టమిన్ సూది వేసి బీపీ చూసేవారట. ఎగిరితే గడ్డ ఉన్నట్టు. "పరీక్ష గొప్పగా పనిచేసేది. రోగే అప్పుడప్పుడు మిగిలేవాడు కాదు" అంది. అందుకే మానేశారు.

అది గుర్తొచ్చాక నేను కుర్చీ లాక్కొని వెళ్ళి పోలమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

అత్తగారి సాక్ష్యం

పోలమ్మకు తోడు వచ్చింది ఆవిడ అత్త నూకమ్మ. నోట్లో చుట్ట, చేతిలో విసనకర్ర.

"ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగాను.

"రాకేటి? అమ్మోరు వత్తాది దాని మీదికి" అంది నూకమ్మ.

"ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"అమ్మోరికి కేలండరుంతాదేటి డాట్రమ్మా? వచ్చినప్పుడే వత్తాది."

"అమ్మోరూ లేదు గిమ్మోరూ లేదు" అంది పోలమ్మ మంచం మీంచి. "కూడు తిన్నాకే వత్తాది నాకు."

"ఏం కూడు?"

"సేపల కూడు. మాకింకేటుంతాది?"

"రోజూ తింటావు కదా. రోజూ వస్తుందా?"

"రోజూ వత్తే ఈపాటికి బతికుందునా? కానాగంతలు మిగిలిపోయిన్నాడు వత్తాది."

నా సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతారు. నాకు ఒక మాట దొరికితే దాని తోక చివరిదాకా లాగాలి. మిగిలిపోవడం అంటే ఏమిటి, ఎంతసేపు, బుట్ట ఎక్కడ పెడతావు, నీడలోనా, ఎండలోనా, ఐసు వేస్తారా, అన్నీ అడిగాను.

"ఐసేటమ్మా? తడిగోనె కప్పుతాం. మంచియి ముందమ్మీత్తాం. పొద్దు వాలేదాకా తిరిగితే అడుగునున్నయి మిగుల్తాయి. అయ్యి ఇంటికి పులుసు. మంచియి మనమే తినీత్తే ఇంక బేరమేటి సేత్తాం?"

"నీకు వచ్చిన రోజు ఇంట్లో అందరూ అదే తిన్నారా?"

"తినకేటి? మా ఆయన మొకం ఎర్రగైపోనాది. ఒల్లంతా గోక్కుంతా కూకున్నాడు. మాయత్తకి దద్దుర్లు."

"మరి నీకు?"

"నాకు దురదేటీ లేదు. తెల్లగైపోతాను. గుండి దడ. సెమట్లు. అది సూసి అమ్మోరన్నారు."

నూకమ్మ విసనకర్ర ఆపింది. ఆవిడ గొంతులో పాత బాధ ఒకటి పలికింది. "మాకందరికీ దురద, దానికి మాత్తరం అమ్మోరు. మొదట్నుంచీ అంతే. ఏ మంచైనా దానికే."

కానాగంత లాంటి చేపలు ఎండలో గంటల తరబడి ఉంటే వాటి కండలోని ఒక పదార్థాన్ని సూక్ష్మజీవులు హిస్టమిన్‌గా మార్చేస్తాయి. ఎంత ఉడికించినా అది పోదు. చింతపండు పులుసులో రుచికి తెలియదు, ఒక్కోసారి వాసనకు కూడా తెలియదు. తిన్నవాళ్ళకు ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. మొగుడికీ అత్తకీ అదే వచ్చింది. పోలమ్మకు మాత్రం ఆ హిస్టమిన్ కిడ్నీ మీది టోపీ దాకా వెళ్ళి తలుపు తట్టింది. డాక్టర్లు ప్రమాదమని ఎప్పుడో మానేసిన పరీక్షను ఆ ఇంట్లో కానాగంతల పులుసుతో చేస్తూ, ఫలితాన్ని అమ్మవారి లెక్కలో వేస్తున్నారు.

దీన్ని నేను రుజువు అనను. అప్పుడూ అనలేదు. అనుమానం అన్నాను. కాని పెథిడిన్ ఒకటీ, పులుసు ఒకటీ, రెండూ ఒకే తలుపు దగ్గరికి వెళ్తున్నాయి.

వద్దన్నాను

ఆపరేషన్ రోజు వచ్చింది. బల్ల సిద్ధం. పోలమ్మ మొగుడు కొబ్బరిబోండాలు ముందే తెచ్చేశాడు.

"ఈవిడకు నేను మత్తు ఇవ్వను" అన్నాను జగన్నాథం గారితో. "ముందు విశాఖపట్నంలో పరీక్షలు జరగాలి. అడ్రినల్‌లో గడ్డ ఉందని నా అనుమానం."

ఆయన చేతికి సబ్బు రాసుకుంటున్నారు. "ఆ గడ్డని మన జిల్లాలో ఎవరైనా చూశారా?"

"చూడకుండానే కిడ్నీ అని పంపించి ఉంటాం."

"చేపల పులుసు కబుర్లు విని జబ్బు చెబుతున్నారు మీరు!"

"మీరు ఊరి పేరు విని చెప్పారు. నాది కాస్త నయం. నేను కూరదాకా వెళ్ళాను."

రత్నం గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంది. ఆయనకు కోపం వచ్చింది. "శ్రీకాకుళం నుంచి ఇంకో మత్తు డాక్టరుని పిలిపిస్తాను."

"పిలిపించండి. ఆయన రాగానే టీ ఇచ్చి, రెండు వందల నలభై సంగతి కూడా చెప్పండి. చెప్పాక కూడా ఆయన సరేనంటే నేను నోరెత్తను."

ఆయన కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు కడుక్కున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నిజంగా బల్ల మీదే పోతుందంటారా?" అని అడిగారు.

"పోవచ్చు. పోకపోవచ్చు. పోతే మాత్రం ఉద్దానం మనిషి, కిడ్నీ అని రాసేసి మనం భోజనానికి వెళ్తాం. నన్ను భయపెడుతున్నది అదే."

ఆయన కుళాయి కట్టేశారు. ఆ రోజు ఆపరేషన్ జరగలేదు.

సర్జనును ఒప్పించడమే కష్టమని నేను అనుకున్నాను. పోలమ్మ ముందు ఆయన పసిపిల్లాడు.

"విశాపట్నం నానెల్లను. మా పెద్దమావ ఎల్లినాడు. కిడ్నీ అని సెప్పి పంపించీసినారు. వచ్చినోడు మంచం దిగలేదు. మా ఈదిలో ఎల్లినోల్లందరిదీ అదే కత. కోత్తే ఈడ కొయ్యి, లేపోతే ఒగ్గీ."

మా ఉద్దానంలో విశాఖపట్నం అంటే తీర్పు చెప్పే కోర్టు లాంటిది. వెళ్ళనంతకాలం జబ్బు లేనట్టే. ఆవిడ మంకుతనంలో ఎంత భయముందో అప్పుడు అర్థమైంది.

"నీ కిడ్నీలు బాగున్నాయి పోలమ్మా. దాని మీద టోపీ లాంటిది ఒకటుంటుంది. అందులో ఉంది గొడవ."

"టోపీయా? టోపీ తియ్యడానికి విశాపట్నం ఎందుకమ్మా? నువ్వే తీసీ."

"ఆ టోపీని తాకితేనే నీకు సుక్కలు కనపడతాయి. తాకకముందే మందులిచ్చి దాన్ని బుజ్జగించాలి. అది తెలిసినవాళ్ళు అక్కడున్నారు."

పోలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది, చేప బేరమాడే మనిషిని చూసినట్టు. "మరి నువ్వొత్తావేటి?"

"వస్తాను."

"మజ్జిలో దిగిపోవు కదా?"

"నడుస్తున్న రైల్లోంచి ఎక్కడ దిగుతాను?"

"సీకాకులం రోడ్లో ఆగుతాది. నాకు తెలీదనుకున్నావేటి?"

విశాఖపట్నం

శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలు ఆగినప్పుడు టీ కోసమైనా నన్ను లేవనివ్వలేదు. కొంగు చివర నా చేతికి చుట్టుకొని కూర్చుంది.

పెద్దాసుపత్రిలో ముందు ఒక రోజంతటి మూత్రమూ ఒక డబ్బాలో పట్టమన్నారు. గడ్డ వదిలే హార్మోను తాలూకు ఆనవాళ్ళు అందులో కొలుస్తారు. పోలమ్మ ఆ డబ్బాను ఎవరికీ ముట్టనివ్వలేదు. పక్కమంచం ఆవిడ అందులో ఏముందని అడిగితే, "నీకెందుకే? ఇంత జాగర్తగా మా సేపల్ని దాసుంటే ఈడికి వచ్చీదాన్నే కాదు" అంది. ఆ ముక్కతో ఆవిడకు నా అనుమానం మొత్తం అర్థమైందని నాకు తెలిసింది.

ఆనవాళ్ళు దొరికాయి. పెద్ద స్కాన్‌లో కుడి కిడ్నీ పైన జీడిమామిడి పండంత గడ్డ కనబడింది. అక్కడి కుర్ర డాక్టరు నావైపు తిరిగి, ఎలా అనుమానించారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు పోలమ్మ, "కానాగంతలు బాబూ" అంది. అతను మర్యాదగా తల ఊపి, ఆవిడకు మతి స్థిమితం ఎలా ఉందో చూడాలన్నట్టు నన్ను చూశాడు. అతనికి వివరించడానికి ఒక టీ, రెండు బిస్కెట్లు పట్టాయి.

కొన్ని వారాలు మాత్రలిచ్చి రక్తనాళాలను నెమ్మదింపజేశారు. ఆపరేషన్ రోజు అక్కడి మత్తు డాక్టరు పక్కన నేను ఊరికే నిలబడ్డాను. మార్ఫిన్, పెథిడిన్ దగ్గరికి కూడా రానివ్వవద్దని ఒక్క మాట అడిగాను. ఆయనకు ముందే తెలుసు. నల్లమందు జాతిలోనే హిస్టమిన్ జోలికి పెద్దగా పోని ఇంకో మందు వాళ్ళ దగ్గర ఉంది. సర్జను చెయ్యి గడ్డకు తగలగానే తెరమీద బీపీ అంకె ఎగిరింది. మాత్రలూ, సిద్ధంగా పెట్టుకున్న మందులూ దాన్ని పట్టి దించాయి. గడ్డ తాలూకు నరం ముడివెయ్యగానే అంకె ఒక్కసారిగా జారింది. సెలైన్లు ఎక్కించి నిలబెట్టారు. ఇంకొకరి బల్ల దగ్గర చేతులు కట్టుకొని నిలబడటం మత్తు ఇవ్వడం కంటే కష్టం.

టెక్కలిలో మేము సిద్ధపడినట్టే కోసి ఉంటే, మాత్రలు లేవు, మందులు లేవు, ఆ ఎగురుడు దేనికో కూడా మాకు తెలిసేది కాదు.

కళ్ళు తెరిచి పోలమ్మ అన్న మొదటి మాట, "టోపీ తీసీసినారేటి?"

పిత్తాశయం రాళ్ళు మాత్రం అలాగే మిగిలాయి. కొన్నాళ్ళ తర్వాత వాటిని జగన్నాథం గారే తీశారు, టెక్కలిలో, నా మత్తుతోనే. బల్ల దగ్గర ఆయన ముందు అడిగిన ప్రశ్న ఊరి పేరు కాదు. "నిన్నేం తిన్నావు పోలమ్మా?" అన్నారు.

"ఏటీ తినొద్దని మీరే సెప్పినారు కదా బాబూ! పరీచ్చ పెడతన్నావేటి?"

రత్నం సిరంజి పట్టుకొని నా దగ్గరికొచ్చి, "మేనత్తని కలపాలా మేడమ్?" అంది.

"ఎందుకో చెబితే కలుపు."

ఈసారి తడుముకోకుండా చెప్పింది, తలుపులతో సహా.

మీకు రెండు మాటలు

ఈ కథ విని నల్లమందు జాతి మందులంటే భయపడకండి. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి మందు ఆపడం చేతకానితనం. ఫెనర్గన్ పోలమ్మను కాపాడిందని కూడా అనుకోకండి. గడ్డకు అది వైద్యం కాదు. మొదటిసారి అది చేసింది జబ్బును కప్పిపెట్టడం. మందుల పెట్టె ఆ రోజు బస్సులో వచ్చి ఉంటే, పోలమ్మ మా బల్ల మీదికి నవ్వుతూ ఎక్కేది. మంచి అలవాటే. కాని ఎందుకో తెలియకుండా చేసే మంచి అలవాటు ఏం దాస్తోందో కూడా మనకు తెలియదు.

ఇక, రోగి ఏం తిన్నాడో అడగండి. మిగిలినవాళ్ళు కూడా తిన్నారా, వాళ్ళకేమయిందో అడగండి. అత్తగారుంటే తప్పకుండా అడగండి. ఏం జరిగిందన్న దగ్గర మాత్రం అత్తగారి మాట నమ్మవచ్చు. ఎందుకు జరిగిందన్న దగ్గర వద్దు.

సంచి

పని తగ్గించుకున్నాక ఒకరోజు భావనపాడు ఒడ్డుకు వెళ్ళాను. పోలమ్మ ఇసుకలో బుట్ట ముందు కూర్చుని ఉంది. నన్ను చూడగానే గొంతు ఎత్తింది. చుట్టూ బేరానికి కూర్చున్నవాళ్ళకు, "ఇదిగో, ఈయమ్మే. సిస్టరమ్మ కాదు, నిద్దర డాట్రమ్మ" అని చెప్పింది. నన్ను ఎవరైనా సరిగ్గా పరిచయం చేయడం అదే మొదటిసారి అనుకుంటాను.

పక్కనే నూకమ్మ చుట్ట కాలుస్తూ, "నీ మూలాన మా ఇంటికి అమ్మోరు రావడమే మానీసినాది" అంది. చెప్పుకోవడానికి ఇంటికి మిగిలిన గొప్ప ఒక్కటీ నేను పట్టుకుపోయినట్టు చూసింది.

నేను వంగి బుట్టలో కానాగంతలు ఏరడం మొదలుపెట్టాను. పోలమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అయ్యి ఒగ్గీ. నీకమ్మను."

"ఏం, డబ్బులివ్వననుకున్నావా?"

"పొద్దుటేల పడినయి అయ్యి. ఎండెక్కినాది. ఇంక ఎవరికీ అమ్మను, నానూ తినను. ఇసకలో పాతరేసీడమే. నువ్వు తినీసి నీ టోపీ లెగిసిపోతే మల్ల విశాపట్నం ఎవలు తీసుకెల్తారు? నాకు తీరుబడి లేదు."

అప్పుడే ఒక తెప్ప ఒడ్డెక్కింది. ఆవిడ లేచి వెళ్ళి, వల దులుపుతుండగానే నాలుగు కానాగంతలు తీసుకొచ్చి, ఒక్కోదాని చెంప ఎత్తి లోపలి మొప్పల ఎరుపు నాకు చూపించింది. తర్వాత నా నల్లసంచి తనే తెరిచి, తడి కొబ్బరాకులో చుట్టి అందులో పెట్టింది. డబ్బిస్తే పుచ్చుకోలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి రోగి ఇచ్చిన కానుక సర్జను గదివైపు తిరగకుండా నా దగ్గరే ఆగింది.

టెక్కలి బస్సెక్కాను. కండక్టరు ముక్కు ఎగబీల్చి సంచివైపు చూశాడు.

"చేపలైతే వెనక పెట్టండమ్మా."

"చేపలే" అన్నాను. సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.